అమెరికా రాష్ట్రాల బ్యాలట్ ప్రతిపాదనలు: ఏడాదికో తీరున మారే లెక్క

అమెరికాలో ఎన్నికల రోజున ఓటరు చేతికొచ్చే బ్యాలట్ అభ్యర్థుల పేర్లతో అయిపోదు. చాలా రాష్ట్రాల్లో ఆ పేర్ల తర్వాత ప్రశ్నలు కూడా ఉంటాయి. ఫలానా పన్ను పెంచాలా, రాష్ట్ర రాజ్యాంగంలో ఫలానా నిబంధన చేర్చాలా, బడుల మరమ్మతుకు బాండ్లు అమ్మి అప్పు తేవాలా, గంజాయి అమ్మకానికి అనుమతివ్వాలా అని అడుగుతారు. ఓటరు అవుననో కాదనో గుర్తు పెడతాడు. రాష్ట్రమంతటా ఓటుకు వచ్చే ఇలాంటి ప్రశ్నలే బ్యాలట్ ప్రతిపాదనలు. ఇవి బ్యాలట్ మీదికి ఎక్కడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. మొదటిది శాసనసభ దారి. ఒక్క డెలావేర్ తప్ప మిగతా 49 రాష్ట్రాల్లో రాజ్యాంగ సవరణను శాసనసభ ఆమోదించాక ప్రజల ఓటుకు పెట్టక తప్పదు. రెండోది సంతకాల దారి. పౌరులే ఒక చట్టాన్నో సవరణనో రాసుకుని, నిర్ణీత సంఖ్యలో ఓటర్ల సంతకాలు సేకరించి, నేరుగా బ్యాలట్ మీదికి తెస్తారు. దీన్ని ఇనిషియేటివ్ అంటారు. శాసనసభ చేసిన చట్టాన్ని సంతకాలతో నిలిపి ఓటుకు పెట్టే రిఫరెండం కూడా ఈ కోవలోదే. సంతకాల దారి సగం రాష్ట్రాల్లోనే ఉంది. జాతీయ స్థాయిలో ఈ రెండు దారులూ లేవు. మన దేశంలో 368వ అధికరణం ప్రకారం రాజ్యాంగ సవరణ పార్లమెంటులో, కొన్ని విషయాల్లో రాష్ట్రాల శాసనసభల్లో ముగిసిపోతుంది. ఓటరు దాకా రాదు. అందుకే అమెరికాలో ఒక్క ఏడాదిలో నూటయాభైకి పైగా ప్రశ్నలు ప్రజల ముందుకొస్తాయంటే మనకు వింతగా ఉంటుంది.

ఆ నూటయాభై ప్రతి ఏడూ ఒకేలా ఉండదు. ఏడాది పొడవునా జరిగిన అన్ని రాష్ట్రాల ఓటింగులనూ కలిపి చూస్తే 2010లో 184, 2012లో 188, 2014లో 158, 2016లో 162, 2018లో 167, 2020లో 129, 2022లో 140, 2024లో 159 ప్రతిపాదనలు ఓటుకు వచ్చాయి. బేసి సంవత్సరాల లెక్క వేరు: 2017లో 27, 2019లో 36, 2021లో 39, 2023లో 41. ఈ అంకెలు వెలువడినప్పుడల్లా పత్రికల్లో ఒక వ్యాఖ్యానం సిద్ధంగా ఉంటుంది. సంఖ్య పెరిగితే ప్రజలు శాసనసభల మీద విసిగి పగ్గాలు తామే పట్టుకున్నారంటారు. తగ్గితే ప్రత్యక్ష ప్రజాస్వామ్యం మీద మోజు తీరిందంటారు. రెండూ తొందరపాటు మాటలే. ఒక ఏటికీ ఇంకో ఏటికీ మధ్య వచ్చే తేడాలో ఎక్కువ భాగానికి కారణం ప్రజల ఉత్సాహం కాదు, బ్యాలట్‌కు ముందున్న అడ్డంకుల ఎత్తు. అంటే శాసనసభల సమావేశాల క్యాలెండరు, సంతకాల కోటా, కోర్టుల తీర్పులు, ఉపసంహరణ గడువులు. చెరువులో నీళ్ళెన్ని ఉన్నాయో తూము దగ్గర పారే నీటిని చూసి చెప్పలేం. తూము ఎంత ఎత్తారో ముందు చూడాలి.

ఉత్సాహమే కారణమైతే అధ్యక్ష ఎన్నికలు జరిగే ఏడాదిలో ప్రతిపాదనలు ఎక్కువగా ఉండాలి. పోలింగు ఎక్కువ, ప్రచారం ఎక్కువ, డబ్బు ఎక్కువ. కానీ పై అంకెల్లో అధ్యక్ష ఎన్నికలున్న నాలుగేళ్ళను (2012, 2016, 2020, 2024) కలిపి సగటు తీస్తే 159 చిల్లర వస్తుంది. మధ్యంతర ఎన్నికల నాలుగేళ్ళకు (2010, 2014, 2018, 2022) 162 వస్తుంది. ఉన్న కాస్త తేడా కూడా ఊహకు ఎదురు దిశలోనే ఉంది. అధ్యక్ష పదవికి ఎవరు పోటీ చేస్తున్నారన్న దానితో ఈ సంఖ్యకు పెద్దగా సంబంధం లేదన్నమాట.

బేసి సంవత్సరాల లెక్క చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. 2023లో వచ్చిన 41 ప్రతిపాదనలు ఎనిమిదే రాష్ట్రాలవి. టెక్సస్‌లో 14, లూసియానాలో 8, మెయిన్‌లో 8, ఒహాయోలో 3, విస్కాన్సిన్‌లో 3, కొలరాడోలో 2, న్యూయార్క్‌లో 2, ఓక్లహోమాలో 1. మూడో వంతు ఒక్క టెక్సస్‌దే. టెక్సస్ పౌరులకు ఇనిషియేటివ్ హక్కే లేదు, కాబట్టి అక్కడి ప్రజల చొరవ దీనికి కారణం కాదు. అసలు సంగతి అక్కడి శాసనసభ క్యాలెండరులో ఉంది. ఆ సభ సాధారణ సమావేశాలు రెండేళ్ళకోసారి, బేసి సంవత్సరం జనవరిలో మొదలై 140 రోజులు జరుగుతాయి. రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల మద్దతు పొందిన సవరణలు అదే ఏడాది నవంబరులో ఓటుకు వస్తాయి. రాష్ట్ర రాజ్యాంగం చిన్న చిన్న విషయాలను కూడా తనలో ఇముడ్చుకున్నది కావడంతో, మామూలు చట్టంతో సరిపోవాల్సిన చాలా పనులకు అక్కడ సవరణ కావాలి. 2025 నవంబరులో టెక్సస్ ఓటర్ల ముందుకు 17 సవరణలు వచ్చాయి. డిమెన్షియా పరిశోధన సంస్థకు 300 కోట్ల డాలర్ల దాకా కేటాయింపు, నీటి పథకాలకు నిధి, ఇంటి పన్ను మినహాయింపు పెంపు వాటిలో కొన్ని. డాలస్ శివార్లలో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డ ఫ్రిస్కో, ఇర్వింగ్‌ల ఓటర్లు కూడా ఈ పదిహేడింటికీ ఒక్కొక్కటిగా గుర్తు పెట్టాల్సినవారే. పదిహేడూ గెలిచాయి. ఆ ఏడాది దేశం మొత్తమ్మీద వచ్చినవి 30; టెక్సస్‌ను తీసేస్తే మిగిలేవి 13.

వాషింగ్టన్ రాష్ట్రం ఇంకో పాఠం. 2007లో అక్కడ ఆమోదం పొందిన ఒక ఇనిషియేటివ్ ప్రకారం శాసనసభ ఏ పన్ను పెంచినా దాని మీద ప్రజాభిప్రాయం అడగాలి. ఫలితానికి చట్టబలం లేదు. పన్ను ఎలాగూ అమలవుతుంది. అయినా బ్యాలట్ మీద ప్రశ్న ఉంటుంది, లెక్కలో ఒకటి పెరుగుతుంది. 2019లో ఆ రాష్ట్రంలో ఇలాంటి సలహా ఓట్లు 12 వచ్చాయి. దేశంలోని 36 ప్రతిపాదనల్లో మూడో వంతు ఉత్త సలహాలే. 2023లో శాసనసభ ఈ పద్ధతినే ఎత్తేసింది. కాబట్టి 2019 నుంచి 2023కు 36 కాస్తా 41 అయిందని, అంటే ఐదే పెరిగిందని చెబితే అంకె తప్పు కాదుగానీ అర్థం తప్పుతుంది. సలహా ఓట్లు తీసేస్తే 2019 లెక్క 24. వాషింగ్టన్ సలహా ఓట్లను పక్కనపెడితే ప్రతిపాదనలు 24 నుంచి 41కి పెరిగాయన్నమాట. నిబంధన ఒక్కటి మారితే పెరుగుదల కొలతే ఇంతగా మారిపోతుంది.

ఇక సంతకాల దారి. ఇక్కడ అడ్డంకి ఎత్తును నిర్ణయించేది విచిత్రంగా గత ఎన్నికల పోలింగు. కాలిఫోర్నియాలో చట్టం కోసమైతే గత గవర్నరు ఎన్నికలో పోలైన ఓట్లలో 5 శాతం, రాజ్యాంగ సవరణకైతే 8 శాతం సంతకాలు కావాలి. 2014లో దేశమంతటా పోలింగు మందకొడిగా సాగింది. మధ్యంతర ఎన్నికల్లో 1942 తర్వాత అంత తక్కువ ఎప్పుడూ లేదు. దాంతో కాలిఫోర్నియాలో చట్టానికి కావలసిన సంతకాలు 5,04,760 నుంచి 3,65,880కి, సవరణకు కావలసినవి 8,07,615 నుంచి 5,85,407కి పడిపోయాయి. తర్వాతి ఎన్నిక 2016లో. నవంబరు బ్యాలట్ మీద 17 ప్రతిపాదనలు, వాటిలో 14 ఇనిషియేటివ్‌లే. ఇంటింటికీ పంపిన ఓటరు సమాచార పుస్తకం 224 పేజీలయింది. ఆ తర్వాత 2018లో మధ్యంతర ఎన్నికల పోలింగు శతాబ్దంలో ఎన్నడూ లేనంతగా పెరిగింది. ఫలితంగా సంతకాల కోటా 6,23,212కూ, 9,97,139కూ ఎగబాకింది. ఒక్క గవర్నరు ఎన్నికతో అడ్డంకి 70 శాతం ఎత్తు పెరిగింది. 2020 నవంబరులో అక్కడ ఇనిషియేటివ్‌లు 7, 2022లో 5.

ఈ 70 శాతం ఎంత బరువో తెలియాలంటే సంతకాల సేకరణ ఎలా జరుగుతుందో చూడాలి. సూపర్ మార్కెట్ గుమ్మం పక్కన మడత బల్ల వేసుకుని నిలబడేవాళ్ళలో ఎక్కువమంది స్వచ్ఛంద కార్యకర్తలు కారు. సంతకానికింత అని తీసుకునే కూలీలు. ఒకే బల్ల మీద నాలుగైదు పిటిషన్లు ఒకదాని మీద ఒకటి పెట్టి ఉంటాయి. డబ్బిచ్చి సంతకాలు సేకరించడాన్ని నిషేధించిన కొలరాడో చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1988లో మేయర్ వర్సెస్ గ్రాంట్ కేసులో కొట్టేసింది. అప్పట్నుంచి అది బాహాటమైన వ్యాపారం. కాలిఫోర్నియాలో పోగుచేసిన కాగితాలు కౌంటీ ఎన్నికల కార్యాలయాలకు చేరతాయి. అక్కడ అన్నిటినీ చూడరు. 3 శాతమో 500 సంతకాలో, ఏది ఎక్కువైతే అది, యాదృచ్ఛికంగా తీసి ఓటరు జాబితాతో పోలుస్తారు. దాన్ని బట్టి కట్టిన అంచనా కోటాకు 110 శాతం దాటితే ప్రతిపాదన నెగ్గుకొచ్చినట్టే. 95 శాతం లోపైతే పోయినట్టే. మధ్యలో ఉంటే ప్రతి సంతకాన్నీ చూడాలి. ఆ చిక్కు తప్పించుకోవడానికి అందరూ కోటాకు మించి చాలా ఎక్కువ పోగేస్తారు. సంతకానికి 5 డాలర్లనుకున్నా, చట్టానికి కనీస ఖర్చు 18 లక్షల డాలర్ల నుంచి 31 లక్షలకు పెరిగిందన్నమాట. పెద్ద కంపెనీకి అది లెక్కలోకి రాదు. 2020లో 22వ ప్రతిపాదన కోసం యాప్ టాక్సీ, డెలివరీ కంపెనీలు 20 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టాయి. పన్నుల మీద కోపం వచ్చిన ఓ వంద మంది టీచర్లకో నర్సులకో మాత్రం అదే గోడ. ఉత్సాహం ఎంత ఉన్నా గోడ గోడే.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది. 2020లో సంఖ్య పడిపోవడానికి కోవిడ్ కారణం కాదా అని. నిజమే, ఆ వసంతకాలంలో సంతకాల సేకరణ చాలాచోట్ల నిలిచిపోయింది. ముఖాముఖి నిలబడి కలంతో పెట్టించాల్సిన సంతకానికి అంటువ్యాధి కంటే శత్రువు లేదు. కానీ కోవిడ్ ఒక్కటే కారణమైతే 2022లో ఇనిషియేటివ్‌లు మళ్ళీ పైకి లేవాలి. జరిగింది వేరు. దేశం మొత్తమ్మీద పౌరులు తెచ్చిన ప్రతిపాదనలు 2016లో 70 దాటితే, 2020కి నలభై చిల్లరకు దిగి, 2022లో ఇంకా కిందికి జారాయి. కోవిడ్ సడలినా 2018 పోలింగు పెంచిన కోటా సడలలేదు. నాలుగేళ్ళ దాకా అదే అమల్లో ఉంది. ఆ రెండేళ్ళలో కూలీల కొరత వచ్చి సంతకం రేటు కూడా పెరిగింది. 2022 గవర్నరు ఎన్నికల పోలింగు కాస్త తగ్గడంతో కాలిఫోర్నియా కోటా 5,46,651కి దిగింది. 2024లో దేశవ్యాప్తంగా ఇనిషియేటివ్‌లు మళ్ళీ యాభై దాటాయి. ఈ సూత్రం అన్ని రాష్ట్రాలకూ ఒకేలా వర్తించదన్నది కూడా ఒప్పుకోవాలి. ఫ్లోరిడా కోటాను అధ్యక్ష ఎన్నికల ఓట్ల నుంచి లెక్కకడుతుంది, నార్త్ డకోటా జనాభా నుంచి. వాషింగ్టన్‌లో గవర్నరు ఎన్నిక అధ్యక్ష ఎన్నికతో పాటే జరుగుతుంది. అయితే ఎక్కువ ప్రతిపాదనలు పుట్టే రాష్ట్రాల్లో పెద్దదైన కాలిఫోర్నియాలో, అలాగే కొలరాడోలో కోటా మధ్యంతర ఎన్నికలకే ముడిపడి ఉంది. కొలరాడోలో విదేశాంగమంటూ ఏమీ లేని ‘సెక్రటరీ ఆఫ్ స్టేట్’ పదవికి పోలైన ఓట్లే కొలబద్ద. 98,492గా ఉన్న కోటా 2018 తర్వాత 1,24,632 అయింది.

మరి 2024లో కోటా తగ్గినా కాలిఫోర్నియా బ్యాలట్ మీద ఇనిషియేటివ్‌లు ఐదే ఎందుకున్నాయి? అర్హత పొందినవన్నీ బ్యాలట్ దాకా రావు, అందుకు. 2014లో చేసిన ఒక చట్టం ప్రకారం కాలిఫోర్నియాలో సంతకాలు సరిపోయిన తర్వాత కూడా ప్రతిపాదకులు గడువులోగా వెనక్కి తీసుకోవచ్చు. దాంతో ఇనిషియేటివ్ ఒక బేరసారాల సాధనమైంది. 2018 జూన్‌లో వినియోగదారుల సమాచార గోప్యత ప్రతిపాదనను శాసనసభ అదే విషయం మీద చట్టం చేశాక వెనక్కి తీసుకున్నారు. అదే నెలలో శీతల పానీయాల కంపెనీలు స్థానిక పన్నులకు అడ్డుకట్ట వేసే ప్రతిపాదనను ముందుకు తెచ్చి, సోడా మీద స్థానిక పన్నులు కొన్నేళ్ళపాటు వేయకుండా శాసనసభను ఒప్పించుకుని వెనక్కి తగ్గాయి. పెయింటులోని సీసం మీద వచ్చిన మరొకటీ అలాగే పోయింది. రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేయాలన్న నాలుగోదాన్ని కోర్టు తొలగించింది. ఆ నవంబరులో ఓటుకు వచ్చిన ఇనిషియేటివ్‌లు 8. అర్హత పొందినవి 12. 2024లోనూ పన్నుల మీద ఓటరు అనుమతి తప్పనిసరి చేసే ప్రతిపాదనను రాష్ట్ర సుప్రీంకోర్టు జూన్‌లో తీసేసింది. ఇంకొన్ని రాజీలతో పోయాయి. బ్యాలట్ అంకె మాత్రమే చూసేవారికి ఈ బేరాలు కనిపించవు. నా దృష్టిలో ఈ లెక్కల్లో అతి పెద్ద లోపం ఇదే: ఒక ప్రతిపాదన పని పూర్తి చేసుకుని వెళ్ళిపోతే సున్నా, ఓడిపోయినా బ్యాలట్ మీద ఉంటే ఒకటి.

మిసిసిప్పిలో జరిగింది దీనికంటే విడ్డూరం. అక్కడి రాజ్యాంగం ప్రకారం సంతకాలు కాంగ్రెస్ నియోజకవర్గాల వారీగా తేవాలి, ఏ ఒక్కదాని నుంచీ ఐదో వంతుకు మించరాదు. నిబంధన రాసిననాడు నియోజకవర్గాలు ఐదు. 2000 జనాభా లెక్కల తర్వాత ఒక సీటు పోయి నాలుగయ్యాయి. నాలుగు ఐదో వంతులు కలిస్తే ఒకటి కాదన్న సంగతి చాలాకాలం ఎవరికీ పట్టలేదు. 2020 నవంబరులో వైద్యానికి గంజాయి వాడకాన్ని అనుమతించే 65వ ఇనిషియేటివ్ భారీ మెజారిటీతో గెలిచింది. 2021 మే 14న రాష్ట్ర సుప్రీంకోర్టు 6-3 తేడాతో దాన్ని కొట్టేసింది. ఆ ఒక్కటే కాదు, నాలుగు నియోజకవర్గాలున్నంత కాలం ఇక ఏ ఇనిషియేటివూ నిబంధన ప్రకారం సాధ్యం కాదని దాని అర్థం. ఒక రాష్ట్రపు సంతకాల దారి ఒక్క తీర్పుతో మూతపడింది, ఆ రాష్ట్ర ఓటర్ల మనసులో ఏ మార్పూ రాకుండానే.

రెండో అభ్యంతరం విషయాల వెల్లువ గురించి. గర్భస్రావానికి రాజ్యాంగ రక్షణ లేదంటూ 2022లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన డాబ్స్ తీర్పు తర్వాత గర్భస్రావ హక్కు మీద ప్రతిపాదనలు పోటెత్తలేదా? పోటెత్తాయి. 2022లో ఆరు, 2023లో ఒహాయోలో ఒకటి, 2024లో పది రాష్ట్రాల్లో పదకొండు. ఫ్లోరిడాలో 57 శాతం ఓట్లు వచ్చినా 60 శాతం నిబంధన వల్ల ప్రతిపాదన ఓడిపోయింది. వార్తల్లో 2024 అంటే ఇవే కనిపించాయి. కానీ 159లో 11 అంటే పదో వంతు కూడా కాదు. 2004లో వివాహ నిర్వచనం మీద 13 రాష్ట్రాల్లో ఓటింగు జరిగింది. ప్రైవేటు అభివృద్ధి కోసం కూడా భూమి సేకరించవచ్చన్న 2005 నాటి సుప్రీంకోర్టు కెలో తీర్పు తర్వాత ప్రభుత్వ భూసేకరణకు పగ్గం వేసే ప్రతిపాదనలు 2006లో ఒక్కసారిగా వచ్చాయి. ఆ నవంబరులోనే మొత్తం 200 దాటింది. 2006 విషయంలో వెల్లువ వాదనకు కొంత బలముందని ఒప్పుకోవాలి. అయినా ఆ ఏడాది ఒక్క లూసియానా శాసనసభే 21 సవరణలను ఓటుకు పంపింది. ప్రజలు ఏం అడుగుతారన్నది కాలం నిర్ణయిస్తుంది; అందులో ఎన్ని బ్యాలట్ మీద పడతాయన్నది నిబంధనలు నిర్ణయిస్తాయి.

చరిత్రలో వెనక్కి వెళితే ఉత్సాహం నిజంగా పనిచేసిన కాలం కనిపిస్తుంది. 1898లో సౌత్ డకోటా, 1902లో ఆరెగన్ ఈ హక్కును రాజ్యాంగంలో చేర్చుకున్నాయి. 1904లో ఆరెగన్ ఓటర్లు మొదటి ఇనిషియేటివ్‌ల మీద ఓటేశారు. పదేళ్ళలో వరద వచ్చింది. 1912లో ఆరెగన్ బ్యాలట్ మీద 37, కొలరాడోలో 32. 1914లో కాలిఫోర్నియాలో 48. శతాబ్దం మధ్యలో ఆ జోరు చల్లబడింది. 1978 జూన్‌లో కాలిఫోర్నియా 13వ ప్రతిపాదన ఆస్తి పన్నును కట్టడి చేశాక మళ్ళీ లేచింది. 1988 నవంబరులో ఒక్క ఆ రాష్ట్రంలోనే 29 వచ్చాయి. దశాబ్దాల లెక్కలో చూస్తే జనం మూడ్ కనబడుతుంది, కాదనలేం. రెండేళ్ళ తేడాలో దాన్ని వెతకడమే పొరపాటు. 2011లో కాలిఫోర్నియా ఇనిషియేటివ్‌లన్నిటినీ నవంబరు ఎన్నికలకే పరిమితం చేసింది. దాంతో జూన్ లెక్క తగ్గి నవంబరు లెక్క పెరిగింది. ఓటరు చేసిందేమీ లేదు.

లెక్కించే పద్ధతి మీద కూడా ఒక మాట. నవంబరు ఓటింగును మాత్రమే లెక్కపెట్టేవారికి 2018లో 155, ఏడాది మొత్తం చూసేవారికి 167. రెండూ సరైనవే, ఒక ఏటికి ఒకటి, ఇంకో ఏటికి రెండోది తీసుకుని పోల్చినప్పుడే తేడా పడుతుంది. శాసనసభ పంపినవాటినీ పౌరులు తెచ్చినవాటినీ ఒకే కుప్పలో వేయడం ఇంతకంటే పెద్ద తప్పు. వాటి గతి ఒకటి కాదు. ఇనిషియేటివ్‌లలో చరిత్ర పొడవునా గెలిచినవి పదింటికి నాలుగే. శాసనసభ పంపినవి చాలావరకు గెలుస్తాయి. 2023లో టెక్సస్ పంపిన 14లో ఓడింది ఒక్కటే, న్యాయమూర్తుల పదవీ విరమణ వయసు పెంచేది.

శాసనసభలకు ఈ అడ్డంకుల విలువ బాగా తెలుసు. ఫ్లోరిడా 2006లో సవరణలకు 60 శాతం మద్దతు తప్పనిసరి చేసుకుంది. ఆ నిబంధన తెచ్చిన ప్రతిపాదనకు మాత్రం 60 శాతం రాలేదు. కొలరాడోలో 2016లో ఆమోదం పొందిన ఒక ఇనిషియేటివే సవరణలకు 35 సెనేట్ జిల్లాల్లోనూ సంతకాలు తేవాలంది. ఆర్కన్సా 2023లో సంతకాలు రావలసిన కౌంటీలను 15 నుంచి 50కి పెంచింది. సౌత్ డకోటా ఓటర్లు 2022 జూన్‌లో, ఒహాయో ఓటర్లు 2023 ఆగస్టులో ఇలాంటి 60 శాతం ప్రతిపాదనలను తిప్పికొట్టారు. అయినా 2026 నవంబరుకు సౌత్ డకోటా, నార్త్ డకోటా శాసనసభలు సవరణలకు 60 శాతం నిబంధనను, యుటా శాసనసభ పన్నుల ఇనిషియేటివ్‌లకు అదే నిబంధనను ఓటుకు పెట్టాయి. మిసోరి శాసనసభ పౌరులు తెచ్చే సవరణ ఎనిమిది కాంగ్రెస్ నియోజకవర్గాల్లోనూ గెలవాలనే షరతును పంపింది. ఇనిషియేటివ్‌లకు ముకుతాడు వేయడానికి వచ్చిన ఈ నాలుగూ 2026 లెక్కలో నాలుగు ప్రతిపాదనలుగానే నమోదవుతాయి. వాటి ప్రభావం 2028 అంకెలో, ఆ తర్వాతి అంకెల్లో కనిపించాలి.